మేలు పొందినవాడి అప్పు

మనకు మేలు చేసిన వస్తువే మరొకరికి కీడు చేసి వుంటే, ఆ కీడుతో మనకు సంబంధం వున్నదా? ఆ కీడును మనం తలపెట్టలేదు. ఆ వస్తువు తయారయ్యేనాటికి మనం పుట్టనైనా లేదు. మేలు మాత్రం రోజూ అనుభవిస్తున్నాం. ఇలాంటి స్థితిలో మనం ఎవరికైనా ఏమైనా బాకీ వున్నామా, లేదా? ఈ ప్రశ్నను గ్రంథాల్లోని ఉదాహరణలతో చర్చించవచ్చు. నేను మాత్రం ఒక రైల్వే స్టేషనును పట్టుకొని చర్చించదలచాను. నీతి ప్రశ్నలు గాలిలో పుట్టవనీ, ఇసుకలోనూ ఇనుములోనూ కూలి రేట్లలోనూ పుడతాయనీ నా నమ్మకం. ఆ సంగతి నాకు నేర్పింది ఆ స్టేషనే.

అది చెన్నై బీచ్ స్టేషను. నా చదువు రోజుల్లో దాన్ని మదరాసు బీచ్ అనేవారు. తాంబరంలో వొక గది తీసుకొని, రోజూ కరెంటు బండిలో బీచ్ దాకా వచ్చి, అక్కడ దిగి, రోడ్డు దాటి ప్యారీస్ కార్నరు వైపు నడిచిపోయేవాణ్ణి. సుమారు 29 కిలోమీటర్ల దారి. నెల టిక్కెట్టు వుంటే ఎన్నిసార్లు తిరిగినా అదే ఖర్చు. ఆ చవక రైలే లేకపోతే నావంటివాడికి ఆ నగరంలో చదువు సాగేది కాదు. నేను పొందిన మేలు ఇది. దీన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు.

బీచ్ స్టేషనులో దిగినవాడికి మొదట కలిగే ఆశ్చర్యం ఏమిటంటే, అక్కడ బీచ్ లేదు. ప్లాట్‌ఫారాలు రోడ్డుకు సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా సాగి వుంటాయి. పడమటి వైపు ఇప్పుడు రాజాజీ సాలై అని పిలిచే రోడ్డు, ఆ రోడ్డుకు ఆవల పెద్ద తపాలా కార్యాలయం, బ్యాంకు భవనాలు, జార్జిటౌను వీధులు. తూర్పు వైపు గోడ. గోడకు ఆవల ఓడరేవు, దాని గిడ్డంగులు, క్రేన్లు. సముద్రం ఆ క్రేన్ల వెనక ఎక్కడో వున్నది. వాన రోజుల్లో వాసన తగిలేది, ఓడ కూత వినిపించేది, కాని నీటి చుక్క కంటబడేది కాదు. ఆ రోడ్డు పాత పేరు నార్త్ బీచ్ రోడ్డు. అంటే రోడ్డు పేరులోనూ స్టేషను పేరులోనూ వున్న సముద్రపుటొడ్డు నేల మీద మాత్రం లేదు. మరి అది ఎక్కడికి పోయింది?

ఒడ్డు మాయం కాలేదు, చోటు మారింది. ఎలా మారిందో తెలుసుకుంటేగాని మన ప్రశ్న బోధపడదు.

మదరాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరాన లోతు నీటిలో లంగరు వేస్తే, మనుషుల్నీ సరుకునూ మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. మేకులు లేకుండా పీచు తాళ్ళతో కుట్టిన పడవలు అవి. విరుచుకుపడే అలల మీద గట్టి చెక్కపడవ పగిలిపోతుంది, కుట్టు పడవ వంగి తట్టుకుంటుంది. ఆ పడవలను నడిపినవారు ఆ తీరపు పల్లెవారే. వ్యాపారం పెరిగిన కొద్దీ కంపెనీలకు ఈ ఏర్పాటు చాలలేదు. 1875 డిసెంబరులో, వేల్సు యువరాజు వచ్చినప్పుడు, రేవుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలోకి రెండు పెద్ద గోడలు కట్టసాగారు. 1881 నవంబరులో వచ్చిన తుఫాను వాటిని దెబ్బతీసింది, మళ్ళీ కట్టారు.

ఇక్కడ ప్రకృతి నియమం ఒకటి వున్నది. ఆ తీరాన సంవత్సరంలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోసుకుపోతాయి. ప్రతి ఒడ్డూ తన ఇసుకను ఉత్తరపు పొరుగుకు ఇచ్చి, దక్షిణపు పొరుగు నుండి పుచ్చుకుంటూ వుంటుంది. ఆ నడకకు అడ్డంగా గోడ లేచింది. దక్షిణం నుండి వచ్చే ఇసుక గోడ దగ్గర ఆగి పోగుపడింది. ఒకప్పుడు కోట గోడల దాకా వచ్చిన సముద్రం దూరంగా జరిగింది. ఆ పోగుపడిన ఇసుకే ఇవాళ్టి విశాలమైన మెరీనా. 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ దాని వెంట షికారు బాట వేయించి, సిసిలీని తలచుకొని మెరీనా అని పేరు పెట్టాడు. గోడకు ఉత్తరాన రావలసిన ఇసుక రాలేదు. పోవలసింది మాత్రం పోతూనే వచ్చింది. రాయపురం నుండి ఎన్నూరు వైపు తీరం కోతపడింది. బెస్తపల్లెల ఇళ్ళూ వీధులూ సముద్రంలో కలిశాయి. తరువాత రాళ్ళ కట్టలు పోశారు. కట్ట ముగిసిన చోట కోత మరికొంత ఉత్తరానికి జరిగింది.

ఒకే గోడ, ఒకే ఇసుక. దక్షిణాన షికారుకు ఎంత స్థలం లభించిందో, ఉత్తరాన కాపురాలకు అంత స్థలం పోయిందని కొలబద్దతో కొలిచి చెప్పలేకపోవచ్చు గాని, లాభానికీ నష్టానికీ కారణం ఒకటే అనడంలో సందేహం లేదు. బీచ్ స్టేషను నిలిచింది సరిగ్గా ఈ తక్కెడ ముల్లు దగ్గర. అక్కడి నుండి కొన్ని బండ్లు దక్షిణానికీ కొన్ని రాయపురం మీదుగా ఉత్తరానికీ పోతాయి.

ఈ సంగతులేవీ చదువుకునే రోజుల్లో నాకు తెలియవు. మొదటిసారి తెలిసింది పుస్తకం వల్ల కాదు. ఒక ఆదివారం సాయంత్రం నేనూ నా స్నేహితులు ముగ్గురూ మెరీనాకు బయలుదేరి బండిలో వస్తున్నాం. మాంబళంలో ఒక ముసలమ్మ ఎక్కి తలుపు దగ్గర నేల మీద కూచున్నది. పక్కన ఖాళీ చేపల తట్ట. మేమంతా అప్పటికే సామ్యవాదం చదువుతున్నవాళ్ళం. ఆ రోజు కూడా శ్రామికవర్గాన్ని గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ వాసన భరించలేక, సామానుల పెట్టెలోకి పోయి కూచోరాదా అని నేనే ఆమెతో నాకు వచ్చిన అరవంలో అన్నాను. ఆమె కోపగించలేదు. ఎక్కడికి పోతున్నారని అడిగింది. సముద్రం చూడ్డానికి అన్నాను. ఆమె నవ్వి, “మీరు సముద్రం చూడ్డానికి పోతున్నారు తంబీ. మా వీధికి సముద్రమే వచ్చింది” అన్నది. తన ఇల్లు రెండుసార్లు వెనక్కు జరిపి కట్టుకున్నామనీ, మూడోసారి జరపడానికి వెనక స్థలం లేదనీ చెప్పింది. పార్కు స్టేషనులో మేము దిగిపోయాం. ఆమె బీచ్ దాకా పోయింది. అక్కడి నుండి ఇంటికి నడిచిపోవాలి.

ఆ సాయంత్రం నేను సిగ్గుపడింది చేపల వాసన గురించి అన్న మాటకు. అది చిన్న తప్పు, క్షమాపణతో తీరేది. అసలు సంగతి తరువాత చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు. నేను కూచోవడానికి పోతున్న ఇసుకా, ఆమె వీధి కింద నుండి జారిపోతున్న ఇసుకా వేరువేరు కావు. దీనికి క్షమాపణ ఎవరు చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

ఈ ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలు వున్నాయి. మొదటిది ఉదారవాదుల సమాధానం. దోషానికి ఉద్దేశం వుండాలి. రేవు కట్టిన ఇంజనీర్లు బెస్తవాళ్ళ ఇళ్ళు పడగొట్టాలని కట్టలేదు. మెరీనాలో వేరుశనగలు తింటున్న గుమాస్తాకు అసలేమీ తెలియదు. ఉద్దేశం లేనిచోట దోషం లేదు, దోషం లేనిచోట బాధ్యత లేదు. ఇది ప్రకృతి చేసిన పని. కావలసివస్తే జాలిపడి చందా ఇవ్వవచ్చు.

ఈ వాదంలో ఒక మోసం వున్నది. దోషం, బాధ్యత అనే రెండు వేరువేరు విషయాలను అది ఒకటి చేస్తున్నది. మా తాత చేసిన అప్పుకు నేను దోషిని కాను. కాని ఆ అప్పుతో కొన్న పొలం దున్నుకొని తింటూ, అప్పుతో నాకు సంబంధం లేదంటే వూళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఆస్తి కావాలంటే అప్పు కూడా తీసుకోవాలన్నది చదువురాని రైతుకు కూడా తెలిసిన న్యాయం. రేవు నుండి, రైలు నుండి, షికారు ఒడ్డు నుండి వచ్చే లాభాన్ని వారసత్వంగా అనుభవిస్తున్న నగరం నష్టాన్ని మాత్రం ప్రకృతి ఖాతాలో రాస్తున్నది. ప్రకృతి ఇసుకను కదిలించింది, నిజమే. గోడను ప్రకృతి కట్టలేదు.

రెండవ సమాధానం మనది. అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. అభ్యుదయానికి మూల్యం వుంటుందంటాం. రేవులు, రైళ్ళు, మిల్లులు లేనిదే కార్మికవర్గమే లేదు, కార్మికవర్గం లేనిదే విముక్తి లేదంటాం. కుట్టు పడవలు పోక తప్పదు, అది చారిత్రక ఆవశ్యకత అంటాం. 1853లో మార్క్సు భారతదేశపు రైళ్ళను గురించి రాసిన మాటలను ఇందుకు ప్రమాణంగా చూపుతాం. కాని ఆయన చెప్పినదాంట్లో సగమే మనం చెపుతున్నాం. ఇంగ్లీషు మిల్లుదారులు తమ లాభానికి వేసే రైళ్ళు ఈ దేశంలో ఆధునిక పరిశ్రమకు నాంది అవుతాయని ఆయన అన్న మాట నిజమే. అయితే ఇంగ్లండులో కార్మికులు అధికారానికి రానంతవరకు, లేదా ఈ దేశ ప్రజలే పరాయి పాలనను తొలగించుకోనంతవరకు, ఆ ఫలాలు ప్రజలకు దక్కవని కూడా ఆ వ్యాసంలోనే అన్నాడు. ఆవశ్యకతను ఒప్పుకున్నవాడు ఫలం ఎవరిదన్న ప్రశ్నను వదలలేదు. మనమే వదిలేస్తున్నాం.

నా అనుభవంలో ఒక సంగతి గమనించాను. చారిత్రక ఆవశ్యకత అనే మాట మూల్యం చెల్లించేవాడి నోట ఎన్నడూ రాదు. అది ఎప్పుడూ పక్కన నిలబడినవాడి నోటే వస్తుంది. అంతమాత్రాన అది అబద్ధమని కాదు. రేవు అవసరమే, రైలు అవసరమే. నేను కుట్టు పడవల కాలానికి తిరిగి పోదామనడం లేదు. అలల్లో ఆ పడవలు నడిపినవాడి మనుమడు కూడా పోదామనడు. కాని “రేవు అవసరం” అనే వాక్యం నుండి “కాబట్టి ఆ వీధి మునగడం న్యాయం” అనే వాక్యం ఏ తర్కం ప్రకారం వస్తుంది? ఒక పని జరగక తప్పదనడం వేరు, దాని నష్టం ఫలానావాడే భరించక తప్పదనడం వేరు. మొదటిది చరిత్ర నిర్ణయించిందేమో గాని, రెండవది వర్గం నిర్ణయించింది.

ఇది ఇసుకతో ఆగిపోయే సంగతి కాదు. బీచ్ స్టేషను నుండి వేళచ్చేరికి పోయే బండి ఎక్కండి. 1995లో చేపాక్కం దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా ఆ మార్గం సాగింది. అందులో చాలా దూరం పట్టాలు స్తంభాల మీద, బకింగుహాం కాలువ వెంబడి పోతాయి. కాలువలోనే స్తంభాలు దింపారు. మన పెదగంజాం నుండి నెల్లూరు తీరం వెంట మదరాసు మీదుగా మరక్కాణం దాకా సాగిన కాలువే అది. నగరం లోపల కూవం, అడయారు నదులను కలిపే ముక్కను తవ్వింది 1877–78లో, ధాత కరువులో. కరువు పనికి వచ్చిన మగవాడికి ఆ రోజుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. అదే కాలంలో దేశం నుండి ధాన్యం ఎగుమతి ఆగలేదు. లక్షలాది మంది చనిపోయారు. కాలువకు మాత్రం అప్పటి గవర్నరైన బకింగుహాం ప్రభువు పేరు పెట్టారు. ఆకలితో మట్టి మోసినవారి పేర్లు ఏ స్టేషను పలక మీదా లేవు. వారు తవ్విన గుంటలో నాటిన స్తంభాల మీద కూచుని ఇవాళ మనం ఆఫీసులకు పోతున్నాం.

పట్టాల సంగతి కూడా అంతే. బీచ్–తాంబరం మార్గంలో 1931 మే నెలలో కరెంటు బండ్లు మొదలయ్యాయి. మన దేశంలో మీటరు గేజి మీద కరెంటు బండి నడిచింది అక్కడే మొదటిసారి. చరిత్ర పుస్తకాలు దీన్ని సౌత్ ఇండియన్ రైల్వే ఘనతగా రాస్తాయి. దానికి మూడేళ్ళ ముందు, 1928 జూలైలో, అదే రైల్వే తన వర్కుషాపుల నుండి కార్మికులను పెద్దయెత్తున తొలగించబోగా వారు సమ్మె చేశారు. సమ్మెను అణచివేశారు, నాయకులను జైల్లో పెట్టారు. ఆ నాయకుల్లో సింగారవేలు ఒకడు. ఆయన మదరాసు బెస్త కుటుంబంలో పుట్టినవాడు. 1923 మే 1న ఈ దేశంలో మొట్టమొదటి మేడే సభలు జరిపించింది ఆయనే. ఆ రోజు నగరంలో రెండు చోట్ల సభలు జరిగాయి. ఒకటి తిరువల్లిక్కేణి ఒడ్డున, రెండవది హైకోర్టుకు ఎదుటి ఒడ్డున. ఆ హైకోర్టు బీచ్ స్టేషనుకు నడిచిపోగల దూరంలోనే వున్నది. ఎదుటి ఒడ్డు మాత్రం ఇప్పుడు లేదు. నూరేళ్ళ కిందట మేడే జెండా ఎగిరిన ఇసుకను చూద్దామంటే రేవు గోడలు, రోడ్డు, లారీలు కనిపిస్తాయి.

స్టేషను ముందు పాదచారుల బాట మీద వరుసగా నిలిచిన కొట్లను బర్మా బజారు అంటారు. విదేశీ సరుకు చవకగా దొరుకుతుందని విద్యార్థులందరం అక్కడ బేరాలాడినవాళ్ళమే. ఆ పేరులో బర్మా ఎందుకున్నదని అడిగినవాళ్ళం కాదు. 1962లో రంగూనులో సైన్యం అధికారం చేపట్టాక, 1964లో దుకాణాలను జాతీయం చేశాక, తరతరాలుగా అక్కడ బతికిన భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చారు. వారిలో కొందరికి 1960ల చివర ఇక్కడ కొట్లు పెట్టుకోనిచ్చారు. ఇది అరవ సోదరుల కథ మాత్రమే కాదు. కాకినాడ నుండి, విశాఖ నుండి, శ్రీకాకుళం పల్లెల నుండి రంగూను రేవుకు కూలీలుగా పోయినవారు మనవాళ్ళే. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, యాజమాన్యాలు బర్మా కూలీలను తెచ్చుకున్నాయి, సమ్మె తీరగానే వారిని గెంటివేశాయి. ఇద్దరు పేదల మధ్య రక్తం పారింది. తిరిగి వచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే వున్నది. ఒక రేవులో బరువులు మోసి కట్టిన సంపద ఎవరికో పోగా, మోసినవారి సంతానానికి మరొక రేవు గోడ పక్కన నాలుగడుగుల కొట్టు మిగిలింది. స్టేషను నిర్మాణ పటంలో ఆ కొట్లకు చోటు లేదు. కాని స్టేషను చరిత్రలో చోటు వున్నది.

ఇక్కడ మన తెలుగువారి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1953కు ముందు “మదరాసు మనదే” అని మనం కేక పెట్టాం. అరవవారు తమదన్నారు. ఆ నగరం ఏ భాషవారిదన్న ప్రశ్న మీద వున్న ఆవేశంలో, ఆ నగరానికి ఎవరు మూల్యం చెల్లించారన్న ప్రశ్నను రెండు పక్షాలూ అడగలేదు. అడిగివుంటే, చెల్లించినవారి పట్టికలో కరువు కూలీలు, బెస్తవారు, రేవు కూలీలు, వర్కుషాపు కార్మికులు రెండు భాషల్లోనూ కనిపించేవారు.

సరే, బాకీ వున్నదని ఒప్పుకున్నాం. దాన్ని తీర్చడం ఎలా? మెరీనాలో 1959లో నెలకొల్పిన విగ్రహం ఒకటి వున్నది. దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసిన శిల్పం, నలుగురు శ్రామికులు బండను కదలిస్తున్నారు. గొప్ప కళ. కాని విగ్రహంతో బాకీ తీరదు. పశ్చాత్తాపంతో అసలే తీరదు. పశ్చాత్తాపం అనుభవించేవాడికి అదొక సుఖం, దాని వల్ల ఎవరి గోడా నిలవదు.

నాకు తోచిన మొదటి పని, లాభాన్నీ నష్టాన్నీ ఒకే పుట మీద రాయడం. ఒక రేవునో, రైలునో, ఆనకట్టనో పొగిడే వ్యాసంలోనే దానికి ఎవరు ఏమి ఇచ్చుకున్నారో రాయాలి. రెండు పుస్తకాల్లో రాస్తే మొదటిది బడికి పోతుంది, రెండవది బీరువాకు పోతుంది. రెండవ పని, తరువాతి గోడ కట్టబోయే ముందు, ఆ గోడకు ఉత్తరాన వుండేవాడిని నిర్ణయం చేసే బల్ల దగ్గర కూచోబెట్టడం. 2023 ఆగస్టులో బీచ్–ఎళుంబూరు నాలుగవ లైను కోసం బీచ్ నుండి చింతాద్రిపేట దాకా వేళచ్చేరి బండ్లు ఆపారు. ఏడు నెలలన్నారు. తిరిగి నడిచింది 2024 అక్టోబరు చివర. నాలుగవ లైను అవసరమే. కాని ఆ పద్నాలుగు నెలలు దిగి, ఎక్కి, నడిచి, బస్సు ఛార్జీలు పెట్టుకున్నవాడిని ముందుగా ఎవరైనా అడిగారా? ఇది చిన్న నష్టం, ఇళ్ళు మునగడంతో పోల్చతగింది కాదు. అయినా అలవాటు అదే. లాభం లెక్క మేజా మీద జరుగుతుంది, నష్టం లెక్క ప్లాట్‌ఫారం మీద జరుగుతుంది.

మూడవది మనకు సంబంధించినది. విద్యార్థులారా, ఉపాధ్యాయ మిత్రులారా, ఆవశ్యకత అనే మాటను మనం వాడేటప్పుడు, అది ఎవరి ముందు అనగలమో ఒకసారి ఆలోచించుకోవాలి. ఆ ముసలమ్మ తలుపు దగ్గర నేల మీద కూచునివుండగా, ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆమె ముఖం చూస్తూ అనగలిగితే అనవచ్చు. అనలేకపోతే మన సిద్ధాంతంలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఆ వాక్యం ఇది: మేలు అందరిదీ కానంతకాలం, దాన్ని అనుభవించేవాడు అప్పులో వున్నట్టే.

మీటరు గేజి బండ్లు 2004 జూలై 1తో ఆగిపోయాయి. నేను తిరిగిన పట్టాలు ఇప్పుడు లేవు, వాటి స్థానంలో వెడల్పు పట్టాలు వున్నాయి. స్టేషను పలక మీద నగరం పేరు కూడా మారింది. బీచ్ అన్న మాట మాత్రం మారలేదు. దాన్ని మార్చాలని ఎవరైనా అంటే నేను వద్దంటాను. ఇక్కడ ఒడ్డు వుండేదని ఆ రోడ్డు మీద ఇంకా ఒప్పుకుంటున్నది ఆ పలక ఒక్కటే.